ఫీడా, ఫ్యామిలీ గ్రూపా: వార్తకు ఏది మేలు?

ఏదైనా గొడవ జరిగితే దాని గురించి మనం ఒక అభిప్రాయానికి వచ్చేది ఇప్పుడు ఎక్కువగా రెండు చోట్ల. ఎవరైనా చూడగలిగే ఎక్స్, ఫేస్‌బుక్ లాంటి ఫీడ్ ఒకటి, తెలిసినవాళ్లే ఉండే వాట్సాప్ గ్రూపు ఇంకొకటి.

ఫీడ్‌లో ఏది పైకి రావాలో అల్గారిథమ్, అంటే పోస్టులను ఎంచే ప్రోగ్రాం, తేలుస్తుంది. జనం కామెంట్లు పెట్టేది, షేర్ చేసేది పైకొస్తుంది. కోపం తెప్పించే మాటకు ఆ రెండూ దండిగా దొరుకుతాయి. ట్విటర్‌లో (ఇప్పటి ఎక్స్) నిజం కంటే అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువని 2018లో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ పరిశోధకులు తేల్చారు. అందుకు ముఖ్య కారణం బాట్‌లు (వాటంతటవే పోస్టులు పెట్టే ప్రోగ్రాములు) కాదు, మనుషులే.

గ్రూపులో ఈ బెడద లేదు కదా, అదే నయం అనుకునేదాన్ని. ఓ రాత్రి మా గ్రూపులో ఒక వీడియో వచ్చింది. పైన చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని చెప్పే రెండు బాణాల గుర్తు, కింద 'వెంటనే అందరికీ పంపండి'. పంపింది పెదనాన్న. అది ఎప్పటిదో పాతదని, వేరే దేశానిదని ఐదు నిమిషాలు వెతికితే తెలిసిపోయింది. కానీ అందరి ముందూ ఆయన్ని తప్పుపట్టడానికి నోరు రాలేదు. విడిగా ఫోన్ చేసి చెబితే, "అయ్యో, అవునా" అని బాధపడ్డారు. అప్పటికే నలుగురు దాన్ని వేరే గ్రూపులకు పంపేశారు. అక్కడ ఎవరున్నారో మాకు తెలియదు.

నాకు భయం అక్కడే. ఎక్స్‌లో తప్పుడు పోస్టు కింద కమ్యూనిటీ నోట్, అంటే వాడేవాళ్లే రాసే దిద్దుబాటు, రావచ్చు. మామూలుగా ఒకరి మాట ఒకరికి పడని వాళ్లు కూడా బాగుందన్నాకే అది కనిపిస్తుంది. ఆలస్యంగా వస్తుంది, చాలాసార్లు రాదు కూడా. అయినా దిద్దుబాటుకు ఒక దారంటూ ఉంది. వాట్సాప్ మెసేజ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి సంస్థకే కనబడదు. ఆ గోప్యత పోకూడదనే నేనూ అంటాను. 2020 ఏప్రిల్‌లో, బాగా తిరిగిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా కట్టడి పెట్టారు. అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని వాట్సాప్ చెప్పింది. వేగం తగ్గింది సరే, వెళ్లిపోయినదాని వెంట నిజాన్ని పంపే దారి ఇప్పటికీ లేదు.

అందుకే వార్త వరకు నా ఓటు ఫీడ్‌కే, దాని కోపాలతో సహా. గ్రూపు మంచిచెడ్డలకు ఉండనివ్వండి.

పెదనాన్న ఇప్పుడు ఏదొచ్చినా ముందు నాకు విడిగా పంపి, "ఇది నిజమేనా?" అంటున్నారు. మొన్న ఒకటి నిజమే అని తేలింది. ఎక్కడిదో, ఏ తేదీదో పైన రాసి మరీ గ్రూపులో పెట్టారు.