అంబాసిడర్ డోర్ మడ్‌గార్డ్‌కి కొట్టుకోకుండా వేసిన బెల్టులు, ఆరేళ్లలో మూడు రకాలు వాడాక

మా నాన్నగారి బండి 1986 అంబాసిడర్, మార్క్ 4, ఇప్పటికీ ఆదివారం ఆదివారం బయటికి తీస్తాం. ఆరేళ్ల కిందట ఆర్కే బీచ్ దగ్గర ఆపితే అమ్మ ముందు డోర్ తెరిచిందో లేదో సముద్రపు గాలి డోర్‌ని చేతిలోంచి లాగేసింది, డోర్ అంచు వెళ్లి మడ్‌గార్డ్‌కి ఠంగుమని కొట్టుకుంది, రెండు చోట్లా సొట్ట, పెయింట్ రాలిపోయింది. డోర్‌ని ఆపే ఇనప పట్టీ ఉప్పుగాలికి తుప్పు పట్టి లోపల ఎప్పుడో తెగిపోయిందట, మేం చూసుకోలేదు. టింకరింగ్, లప్పం, పెయింట్ కలిపి 4500 అయింది. డబ్బు సంగతి సరే, నాన్నగారు ఆ సొట్ట మీద చెయ్యి పెట్టి ఏం మాట్లాడకుండా అలా నిలబడిపోయారు చూడండి, అది తట్టుకోలేకపోయా.

ఆ ఇనప పట్టీ బదులు మొదట తోలు పట్టీ వేయించా. పాత ఇంగ్లీషు కార్లకి చాలావాటికి తోలు పట్టీలే ఉండేవి కదా, మనకీ సరిపోతుందనుకున్నా. చెప్పులు కుట్టే తాత రెండు పొరలు కలిపి చక్కగా కుట్టిచ్చాడు, చూడ్డానికి చాలా బాగుంది, కానీ మన వైజాగ్ చెమ్మకి బూజు పట్టేసింది, ఎండకి బిరుసెక్కింది, రెండో వానాకాలం రాకుండానే బోల్టు కన్నం దగ్గర చీలిపోయింది. లోపల పెట్టే బండికైతే ఏమో గానీ బీచ్ వైపు ఇల్లున్నవాళ్లకి తోలు వద్దని గట్టిగా చెప్తా.

తర్వాత పాత సీటు బెల్టు ముక్క. అది తెగే రకం కాదు, నిజమే, కానీ మెత్తగా ఉండటంతో డోర్ మూసేటప్పుడు ఉండ చుట్టుకుని పిల్లర్‌కీ (డోర్ తగిలించే బాడీ స్తంభం) డోర్‌కీ మధ్య ఇరుక్కునేది. అంతకన్నా పెద్ద గొడవ ఇంకోటి, రుషికొండ దగ్గర ఒకసారి గాలి కొడితే బెల్టు బానే ఉంది గానీ డోర్ లోపలి రేకు బోల్టు చుట్టూ చిరిగిపోయింది. ఎందుకంటే బెల్టు ఉండేది హింజ్ (డోర్ తిరిగే కీలు) పక్కనే కదా, మా బండికి హింజ్ నుంచి 12 సెంటీమీటర్లు, డోర్ ఏమో దాదాపు మీటరు, అంటే చివర గాలి ఎంత తోస్తే బెల్టు దగ్గర దానికి ఏడెనిమిది రెట్లు లాగుతుంది. ఆ బలం అంతా ఒక చిన్న వాషర్ మీద పెడితే 1986 రేకు ఏం ఆగుతుంది?

మూడోది ఇప్పుడున్నది, నాలుగేళ్లు దాటింది. గాజువాక ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్లో కన్వేయర్ బెల్టు ముక్క దొరికింది, లోపల గుడ్డ పొరలున్న రబ్బరు, 6 మిల్లీమీటర్ల మందం, 150 రూపాయలు తీసుకున్నాడు. గుడ్డ వల్ల తెగదు, రబ్బరు వల్ల కొంచెం సాగి డోర్‌ని మెత్తగా ఆపుతుంది. ఈసారి రెండు వైపులా వాషర్ బదులు 3 మిల్లీమీటర్ల ఇనప ప్లేటు వెనక పెట్టి రెండేసి బోల్టులు వేయించా, తుప్పు పట్టకుండా ప్లేటుకి రెడాక్సైడ్ కొట్టించా. నా లెక్కలో బెల్టు కన్నా ఈ ప్లేటే ముఖ్యం.

కొలత మాత్రం ఎవర్నీ అడిగి వెయ్యొద్దు. డోర్ మెల్లగా తెరిచి, అంచుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య మూడు వేళ్లు పట్టేలా ఇంకొకళ్లని పట్టుకోమని, అప్పుడు కొలవాలి, రబ్బరు సాగేది పోను రెండు వేళ్ల సందు మిగలాలి. మాకు బోల్టు నుంచి బోల్టుకి 16 సెంటీమీటర్లు వచ్చింది, హింజ్ పిన్నులు అరిగిన బండికి వేరేగా వస్తుంది, అసలు పిన్నులు అరిగుంటే ముందు అవి మార్పించుకోండి, వేలాడే డోర్‌కి బెల్టు కట్టి లాభం లేదు. మూసినప్పుడు బెల్టు డోర్ లోపలికే మడత పడేలా చూసుకోవాలి.

లోటు ఒకటుంది. ఇది డోర్‌ని ఎక్కువ తెరుచుకోకుండా ఆపుతుంది, అంతేగానీ తెరిచిన డోర్‌ని అక్కడే నిలబెట్టదు. సింహాచలం కొండ మీద ముక్కు పైకి పెట్టి ఆపితే డోర్ తిరిగొచ్చి దిగేవాళ్ల మోకాలికి తగులుతుంది, అమ్మ దిగేటప్పుడు నేనో తమ్ముడో వెళ్లి పట్టుకుంటాం.

మొన్న సంక్రాంతికి విప్పి చూస్తే మడత దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు కనిపించాయి, లోపల గుడ్డ మాత్రం గట్టిగానే ఉంది. అదే ముక్కలోంచి ఇంకోటి కోసి డిక్కీలో పెట్టుకున్నా, వానలు మొదలయ్యేలోపు మార్చేస్తా.