మా రాజ్‌దూత్ 350: పదకొండేళ్ల వాడకంలో తేలిన సంగతి

పదకొండేళ్లుగా నేను నడుపుతున్న రాజ్‌దూత్ 350 మోటార్‌సైకిల్ అసలైన హెచ్‌టీ (హై టార్క్, ఎక్కువ శక్తి రకం) బండేనా అని ఎవరైనా అడిగితే, సగమేనని చెబుతాను. ఇది ఛలోక్తి కాదు. దాని కుడి సిలిండర్ హెచ్‌టీది, ఎడమ సిలిండర్ ఎల్‌టీది (లో టార్క్, తక్కువ శక్తి రకం). ఈ సంగతి తెలియడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

యమహా ఆర్‌డీ 350బి నమూనాను ఎస్కార్ట్స్ సంస్థ లైసెన్సు తీసుకుని 1983 నుంచి మన దేశంలో తయారు చేసింది. ఆ దశాబ్దం చివరికల్లా తయారీ ఆగిపోయింది. 347 సీసీ, రెండు సిలిండర్ల టూస్ట్రోక్ ఇంజన్, ఆరు గేర్లు. హై టార్క్ రకం 30.5 హార్స్‌పవర్ ఇచ్చేది. పెట్రోలు ఆదా కోసం శక్తి తగ్గించి తెచ్చిన లో టార్క్ రకం 27 ఇచ్చేది. పైకి రెండూ కవలల్లా ఉంటాయి కాబట్టి, ఎల్‌టీ బండికి హెచ్‌టీ ధర చెప్పడం ఈ వ్యాపారంలో మామూలైపోయింది.

2014లో పాలకొల్లు దగ్గర ఒక కొబ్బరి గోదాములో ఈ బండిని చూసినప్పుడు, నేను చేయవలసిన పరీక్షలన్నీ చేశాననే అనుకున్నాను. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, రవాణా కార్యాలయంలో తీసినట్టే పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాను. ఇంజన్ నంబరు చుట్టూ పోత గరుకుదనం అలాగే ఉందా, గ్రైండర్ పెట్టిన జాడ ఉందా, అంకెలు ఒకే లోతులో ఒకే వరుసలో ఉన్నాయా అని టార్చి వేసి చూశాను. అన్నీ సీ-బుక్కుతో సరిపోయాయి. అమ్మినవారు హెచ్‌టీ అన్నారు, నేను హెచ్‌టీ ధర ఇచ్చాను.

బండి నడక గురించి ఫిర్యాదు లేదు. రావులపాలెం నుంచి కాలువగట్టు వెంట వెళ్తుంటే, టాకోమీటర్ ముల్లు ఐదు వేలు దాటగానే వెనక నుంచి ఎవరో నెట్టినట్టు ముందుకు దూకుతుంది. జపాన్ బండికి ముందు చక్రానికి డిస్క్ ఉండేది, దీనికి డ్రమ్ కాబట్టి బ్రేకు కాస్త ముందుగానే పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. లీటరుకు ఇరవై రెండు కిలోమీటర్లు వస్తే ఆ రోజు పండగే. పాత యజమాని ఆయిల్ పంపు మూసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసేవారు. నేను పంపును మళ్లీ పనిచేయించాను. సముద్రం గాలికి సైలెన్సర్ల క్రోమ్ మచ్చలు పడింది, దానికి మందు లేదు.

ఒక్కటే చిక్కు: ఎడమ ప్లగ్గు ఎప్పుడూ నల్లగా మసిబారేది, కుడిది బిస్కెట్ రంగులో ఉండేది. కార్బురేటర్లు సరిచేయించాను, జెట్లు మార్చాను, పాయింట్లు కొత్తవి వేయించాను. క్లచ్ వైపు సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిల్ కాలి తెల్లపొగ వస్తుంది. ఇక్కడ పొగా లేదు, పైగా ఆ సీలు కుడివైపుది.

2020లో మసి తీయించడానికి రాజమండ్రిలో ఒక పెద్ద మేస్త్రి గారి షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన సిలిండర్లు రెండూ విప్పి, కిరసనాయిలుతో కడిగి, నోటుపుస్తకం కాగితాన్ని గొట్టంలా చుట్టి లోపలికి దూర్చి, లోపలి నుంచే పెన్సిలుతో రుద్దారు. పోర్టుల, అంటే సిలిండర్ గోడలో వాయువులు వచ్చిపోయే రంధ్రాల, అంచులు కాగితం మీద కిటికీల్లా తేలాయి. రెండు కాగితాలనూ పక్కపక్కన పరిచారు. ఎడమ సిలిండర్ ఎగ్జాస్ట్ కిటికీ చిన్నది. దాని పై అంచు కూడా కిందికి ఉంది, అంటే అది ఎల్‌టీది. కాకినాడలో మొదటి యజమాని దగ్గరే ఉన్న ఒక హెచ్‌టీ బండి నుంచి ఆయన గతంలో తీసి దాచిన అచ్చుతో కుడి కాగితం గీతకు గీత సరిపోయింది.

“సీ-బుక్కులో నంబరు కింద ఉన్న ఇంజన్‌దండీ. పైనున్న బోరుది ఎవరు చూశారు?” అన్నారాయన.

బోరు అంటే సిలిండరే. నేను చూడనిది సరిగ్గా అదే. నంబరు అసలుదైతే కింది భాగం అసలుదని మాత్రమే రుజువవుతుంది; నట్లు విప్పితే సిలిండర్ గంటలో మారిపోతుంది. సైలెన్సర్లు చూసి తేల్చడం ఇంకా తప్పు, అవి సిలిండర్ కంటే తేలికగా మారతాయి. అందుచేత కొనేవారు డబ్బు ఇచ్చే ముందే హెడ్లూ సిలిండర్లూ విప్పించి చూడాలని నా గట్టి అభిప్రాయం. అమ్మేవారు ఒప్పుకోకపోతే ఎల్‌టీ ధర చెప్పి ఊరుకోవాలి. పిస్టన్ తల మీద 50 అని ఉంటే అరిగిన సిలిండర్ లోపలి వ్యాసాన్ని అర మిల్లీమీటరు పెంచి పెద్ద పిస్టన్ వేయించారని అర్థం. అది వయసు లెక్క, మోసం కాదు. పోర్టు అంచున ఆకురాయి గీతలు కనిపిస్తే మాత్రం ఎల్‌టీని గీకి హెచ్‌టీ చేశారేమోనని అనుమానించాలి.

ఎడమ వైపుకు సరిపడే సిలిండర్ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను. ఇప్పటికి రెండు చూపించారు, రెండింటి అంచులూ గీకినవే. ఆనాటి పెన్సిలు కాగితాలు రెండూ సీ-బుక్కు అట్టలోనే పెట్టాను; రేపు ఈ బండి ఎవరి చేతికి వెళ్లినా అవీ దానితోపాటే వెళ్తాయి.