రెండేళ్లుగా ఆదివారాలు అద్దెకు తెచ్చుకుంటున్న హనా అనే కుక్క గురించి

టోక్యోలో గంట లెక్కన కుక్కని అద్దెకిస్తారని ఇక్కడున్న మనవాళ్లలో చాలామందికి తెలుసు. మలం ఎత్తే సంచులు, మూత్రం పోసినచోట కడగడానికి నీళ్ల సీసా కూడా చేతికిచ్చి పంపుతారు. కాబట్టి ఆ వివరాల్లోకి పోను. నేను రాయాలనుకున్నది ఒక్కదాని గురించే: గంట అయ్యాక కుక్కని తిరిగి అప్పగించడం.

మొదటి ఏడాది నన్ను అడిగిన ప్రతివాళ్లకీ ఇందులో ఉన్న హాయి అదేనని చెప్పాను. నిషి కసాయ్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో కుక్కల్ని ఉంచుకోనివ్వరు. ఉంచుకోనిచ్చే ఇంటికి మారితే సాధారణంగా ఇంకో నెల అద్దె డిపాజిట్ కట్టమంటారు. సంక్రాంతికి ఊరెళ్తే దాన్ని ఎవరికి అప్పజెప్పాలి? వెంట తీసుకెళ్దామంటే తిరిగి తేవడం ఇంకా కష్టం. 1957 తర్వాత జపాన్ జంతువుల్లో రేబిస్ లేదు. అందుకే ఇండియా నుంచి వచ్చే కుక్కకి మైక్రోచిప్, రెండు టీకాలు, రక్తపరీక్ష, ఆపైన 180 రోజుల నిరీక్షణ ఉండాలంటారు. ఇవన్నీ తలుచుకుంటే గంటసేపు తిప్పి, దండం పెట్టి, ఇంటికొచ్చేయడం ఎంతో తేలిగ్గా అనిపించింది.

పైగా మా పాప భయం పోయింది. విజయవాడలో అమ్మమ్మగారి వీధిలో కుక్కలు వెంటపడ్డప్పటి నుంచి దానికి కుక్క కనిపిస్తే చాలు, నా కాళ్లు చుట్టేసుకునేది. హనా వయసు మళ్లిన లాబ్రడార్. మొదటి రోజు పాప నా వెనకే నక్కి ఉంటే, హనా నాలుగడుగుల దూరంలో బోర్లా పడుకుని, తల నేలకి ఆనించి, కళ్లు మాత్రం ఎత్తి చూస్తూ ఉండిపోయింది. ఐదో వారానికి తాడు పాప చేతిలో ఉంది. ఈ మేలు ఎప్పటికీ మర్చిపోను.

ఇక అసలు సంగతి. మేం ఎప్పుడూ నకాగావా నది గట్టు మీదే నడిచేవాళ్లం. తోజాయ్ లైను మెట్రో వంతెన దగ్గరికి రాగానే హనా ఆగి, ఒకసారి వాసన చూసి, తనంతట తనే వెనక్కి తిరిగేది. సరిగ్గా గంటకి షాపు గుమ్మంలో ఉండేవాళ్లం. ఎంత తెలివో అని మురిసిపోయేవాళ్లం. వీడియో తీసి మా అమ్మకి కూడా పంపాను.

పోయిన ఏప్రిల్‌లో పూలు విరగబూసిన ఆదివారం, హనాని రెండు గంటల సేపటికి బుక్ చేశాం. వంతెన దాటి కింద గడ్డి మీద కూర్చుందామని పెరుగన్నం, దుప్పటి, హనాకి ఉప్పు లేకుండా ఉడికించిన కోడి ముక్కలు తీసుకెళ్లాం. వంతెన దగ్గర హనా ఎప్పట్లాగే తిరిగింది. తాడు కొద్దిగా లాగాను. కూర్చుంది. పాప కోడి ముక్క చూపించింది. తిన్నది, మళ్లీ షాపు వైపే ముఖం పెట్టి కూర్చుంది. పావుగంట బతిమాలాం. మొరగలేదు, పెనుగులాడలేదు. పైన రైళ్లు పోతూనే ఉన్నాయి. చివరికి దాని వెంటే వెనక్కి నడిచాం. గంట మిగిలి ఉండగానే షాపుకి చేరితే, అక్కడ పనిచేసే అమ్మాయి సంతోషంగా, "హనా చాలా మంచిది, ఎవరు తీసుకెళ్లినా టైముకి తీసుకొచ్చేస్తుంది" అంది.

ఎవరు తీసుకెళ్లినా. దారిలో పాప అడిగింది: "నాన్నా, మనం దింపేసి వెళ్లిపోతామని దానికి ముందే తెలుసా?"

నా దగ్గర జవాబు లేదు. కాళ్ల నొప్పులు కావచ్చు, అలవాటు కావచ్చు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక ఇలాంటివి వెతుక్కుంటూ ఒక అధ్యయనం చదివాను. అమెరికాలో దిక్కులేని కుక్కల్ని ఉంచే ఐదు షెల్టర్ల నుంచి కుక్కల్ని ఒకటి రెండు రాత్రులు ఇళ్లకి పంపి చూశారట, 2019లో వచ్చింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒత్తిడి హార్మోను తగ్గింది. షెల్టరుకి తిరిగొచ్చాక మళ్లీ పాత స్థాయికి పెరిగింది, అంతకు మించి మాత్రం పోలేదు. తిరిగి అప్పగించడం వల్ల కుక్క ఇంకా పాడవదని అది నాకు కాస్త ధైర్యమిచ్చింది. అయితే అవి రాత్రంతా ఒక ఇంట్లో నిద్రపోయిన కుక్కలు. హనాకి దొరికేది వారానికి మాతో ఒక గంట, మిగతా గంటలు ఇంకెవరితోనో. హాయి అని నేను చెప్పిందంతా నా వైపు నుంచి చూసిన హాయేనని అప్పుడు అర్థమైంది.

షాపు చెడ్డదని అనడం లేదు. జపాన్ చట్టంలో జంతువుల్ని అద్దెకివ్వడం కూడా రిజిస్టరు చేసుకోవాల్సిన వ్యాపారమే, వీళ్లు ఆ పత్రం గోడకి పెట్టారు. ఎండాకాలం మధ్యాహ్నాలు కుక్కల్ని బయటికి పంపరు. ఆ రెండో గంట డబ్బు అడక్కుండానే తిరిగిచ్చారు.

మీరు ఏడాది రెండేళ్ల ప్రాజెక్టు మీద వచ్చినవాళ్లయితే, పిల్లలకి కుక్కంటే భయమైతే, అద్దెకి తీసుకోండి. ప్రతిసారీ అదే కుక్కని అడగండి, రోజుకి దాన్ని ఎన్నిసార్లు పంపుతారో కూడా అడగండి. ఇక్కడే స్థిరపడేవాళ్లయితే ముందు ఇల్లు మారే సంగతి చూసుకోండి. దిక్కులేని కుక్కల్ని దత్తత ఇచ్చే సంస్థలు చాలావరకు ముందు కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని చూడమంటాయి, ఒంటరిగా ఉండేవాళ్లకి ఇవ్వనివీ ఉన్నాయి. మా వీసా సంగతి వచ్చే ఏడాది తేలుతుంది. అప్పటిదాకా నేను దేనికీ గట్టిగా ఓటు వేయలేను.

హనాని మాత్రం మానలేదు. వంతెన దాకా పోవడం మానేశాం. షాపు ఎదురుగా చిన్న పార్కు ఉంది, అక్కడే బెంచీ మీద కూర్చుంటాం. పాప చెప్పులు విప్పితే హనా ఆ పాదాల మీద గడ్డం పెట్టి పడుకుంటుంది. టైమయ్యేసరికి తనే లేచి ఒళ్లు దులుపుకుంటుంది. పాప తాడు అందుకుంటుంది.