పాత మియాటాకి లైట్లు, గాలి డక్ట్‌లు కలిపి అమ్మే ‘ఫ్రంట్ కిట్’ కొనబోతున్నారా? ఒక్కసారి ఇది చదవండి

పాత మజ్దా మియాటాకి (రెండు సీట్ల చిన్న ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు) ఎల్ఈడీ హెడ్‌లైట్లు, ముందు ఇండికేటర్ల స్థానంలో పెట్టే గాలి డక్ట్‌లు, పైపులు, వైర్లు అన్నీ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. నేను మార్చిలో 640 డాలర్లు పెట్టి కొన్నాను. బిగించినందుకు షాపుకి ఇంకో 480 ఇచ్చాను. జూలైలో హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య సీలు) పోయింది, 2,300 డాలర్లు వదిలాయి. ఆ డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. మధ్యలో మూడు నెలలు నేను ఎదురొచ్చే ప్రతి డ్రైవరు కళ్లలోకీ లైటు కొడుతూ తిరిగాను. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు.

అమ్మినవాళ్ల పేరు, షాపు పేరు రాయడం లేదు. ఇలాంటి కిట్లు రకరకాల పేర్లతో పది చోట్ల దొరుకుతున్నాయి. పేరు గుర్తుపెట్టుకుంటే మీకు లాభం లేదు, సరుకును గుర్తుపట్టాలి. డల్లాస్ చుట్టుపక్కల ఈ కారు మీద మనసు పడ్డ తెలుగువాళ్లు నాకు తెలిసే కొందరున్నారు, వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను చెప్పేది మొదటి తరం మియాటా గురించి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి చూపించి, 1997 మోడల్ వరకు అమ్మిన కారు. కళ్లు తెరిచినట్టు పైకి లేచే లైట్లు దాని అందం. నాది 1995ది, 1.8 లీటర్ ఇంజిన్. ఈ కారులో 7 అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్ లైట్లు (బల్బు, అద్దం అన్నీ ఒకే ముక్కగా మూసేసినవి) వస్తాయి. వెనక మూడు పిన్నుల ప్లగ్, హెచ్4 బల్బుకి ఉండేలాంటిదే. అందుకే జీపుల కోసం తయారైన 7 అంగుళాల ఎల్ఈడీలు కూడా ఇందులో పడతాయి. అమ్మేవాళ్లు ఈ ఒక్క మాట పట్టుకునే ‘డైరెక్ట్ ఫిట్’ అంటారు.

నాకు లైట్లు మార్చాల్సిన అవసరం నిజంగానే ఉంది. పాతికేళ్లు దాటిన వైరింగు, పసుపు తిరిగిన వెలుగు, టెక్సాస్‌లో ఊరు దాటితే వీధి దీపం ఉండదు. మంచి ఎల్ఈడీ లైటు జత కొనుక్కుని అంతటితో ఆగి ఉంటే ఈ రోజు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

బిగించాక మొదటి వారం సంబరమే. రోడ్డంతా తెల్లగా, పట్టపగల్లా కనిపించింది. అసలు పొరపాటు అక్కడే జరిగింది. సీట్లో కూర్చుని చూసేవాడికి, లైటు ఎంత చిందితే అంత బాగున్నట్టు అనిపిస్తుంది. ఒక రాత్రి ఫ్రిస్కోలో భోజనాలు చేసి వస్తుంటే నా ముందు వెళ్తున్న స్నేహితుడు ఫోన్ చేశాడు. “బావా, ముందు పక్కకి ఆపు. నీ లైట్లు నా అద్దంలోనే కాదు, పైన చెట్ల మీద కూడా పడుతున్నాయి. నాకేం కనపడట్లేదు.” హై బీమ్ వేసి ఉందేమో అనుకుని చూశాను. లో బీమే ఉంది.

మర్నాడు సాయంత్రం ఒక గోడకి పాతిక అడుగుల దూరంలో కారు పెట్టి చూశాం. సరైన లో బీమ్ అయితే గోడ మీద గీత గీసినట్టు తెగాలి. గీత కింద వెలుగు, పైన చీకటి. ఆ గీత లైటు మధ్య ఎత్తు కంటే కాస్త కిందనే ఉండాలి. మనం ఇక్కడ కుడివైపు నడుపుతాం కాబట్టి కుడి అంచు, అంటే రోడ్డు పక్క బోర్డుల వైపు, కొంచెం పైకి లేవొచ్చు. నా గోడ మీద గీత అనేదే లేదు. పిండి ముద్ద విసిరికొట్టినట్టు ఒక తెల్లటి మచ్చ. స్క్రూలు తిప్పి ఎంత కిందకి దించినా మచ్చ కిందకి జరిగింది తప్ప అంచు రాలేదు. లైటు లోపల రిఫ్లెక్టర్ ఆకారమే తప్పు అయితే స్క్రూలు ఏం చేస్తాయి?

డబ్బా మీద ‘డీఓటీ అప్రూవ్డ్’ అని పెద్ద అక్షరాలతో ఉంది (డీఓటీ అంటే అమెరికా రవాణా శాఖ). ఈ మాట దగ్గర దయచేసి ఆగండి. అమెరికాలో ప్రభుత్వం ఏ హెడ్‌లైటునూ ముందుగా పరీక్షించి ఆమోదించదు. ఫెడరల్ మోటార్ వెహికల్ సేఫ్టీ స్టాండర్డ్ 108 ప్రకారం ఉందని తయారీదారే తన బాధ్యత మీద ప్రకటించుకోవాలి. ఆ ప్రకటనకి గుర్తే లెన్స్ మీద ఉండే డీఓటీ అక్షరాలు. ముందు పరీక్ష, తర్వాత ఆమోదం అనే పద్ధతి యూరప్‌ది. అక్కడ గుండ్రటి గీతలో ‘E’ అనే ఇంగ్లీషు అక్షరం, దేశం నంబరు ఉంటాయి. కాబట్టి అమెరికాలో ‘డీఓటీ ఆమోదించింది’ అని రాశారంటే, రాసినవాడికి విషయం తెలియదు, లేదా తెలిసే రాశాడు. రెండిట్లో ఏదైనా ఆ లైటు మనకొద్దు. అక్షరాలు ఉంటే సరిపోదు, లెన్స్ మీదే తయారీదారు పేరో ట్రేడ్‌మార్కో కూడా ఉండాలి. నా లైట్ల మీద ఏ పేరూ లేదు. వెనక హీట్ సింక్ (వేడిని బయటకి వదిలే లోహపు భాగం) మీద మాత్రం డీఓటీ అని అచ్చు పోసి ఉంది. ఇది నేను కొనకముందు ఫొటోలు అడిగి చూసుకోవాల్సింది.

ఇండికేటర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. మియాటా ముందు బంపర్‌లో రెండు మూలలా ఉండే ఇండికేటర్ దిమ్మలు తీసేసి, ఆ రంధ్రంలో గాలి డక్ట్ పెట్టి, దాని చుట్టూ సన్నని ఎల్ఈడీ ఉంగరం వెలిగేలా చేశారు. మధ్యాహ్నం డ్రైవ్‌వేలో ఇండికేటర్ వేసి మా ఆవిడని ముందు నిలబడి చూడమన్నాను. “వేశారా? ఎండలో ఏమీ తెలియట్లేదండీ” అంది. ఎడమకి తిరగడానికి ఆగి ఉన్నప్పుడు ఎదుటి కారువాడికి మన ఉద్దేశం తెలిసేది ఆ దీపంతోనే.

ఎల్ఈడీకి కరెంటు తక్కువ కాబట్టి, ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషర్, బల్బు పోయిందనుకుని గబగబా కొట్టుకుంటుంది. దాన్ని ఆపడానికి కిట్‌లో 6 ఓమ్‌ల రెసిస్టర్లు ఇచ్చారు. లెక్క వేసుకోండి: ఇంజిన్ నడుస్తుంటే 13.5 వోల్టులు, అంటే వెలిగినప్పుడల్లా ఒక్కో రెసిస్టర్‌లో దాదాపు 30 వాట్లు వేడిగా పోతాయి. దాన్ని ఇనుము మీద బిగించాలి. మా షాపువాళ్లు బంపర్ ప్లాస్టిక్‌కి జిప్ టైతో కట్టారు. ప్లాస్టిక్ కరిగి గుంట పడింది. రెసిస్టర్లకు బదులు ఎల్ఈడీకి సరిపడే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ ఒకటి మార్చుకుంటే ఈ వేడి గొడవే ఉండదు.

ఇక డక్ట్‌లు. నా ఇంజిన్‌ని తిన్నది ఇవే.

ప్రకటనలో ‘గాలి దూసుకొచ్చి పవర్ పెరుగుతుంది’ అని ఉంది. నేను ఇంజినీరింగ్ చదివినవాడిని, ఈ లెక్క ముందే వేసి ఉండాల్సింది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి మొత్తం ఒత్తిడి 460 పాస్కల్స్ దాకా ఉంటుంది. వాతావరణ పీడనం లక్షా వెయ్యి పైచిలుకు. అంటే అరశాతం కూడా లేదు. 160 వేగంలో వెళ్లినా ఒక శాతం పైన కొంచెం. అదీ ఒక్క చుక్క గాలి కూడా పక్కకి పోకుండా ఇంజిన్‌లోకి వెళ్తే. చల్లగాలి తగలడం వల్ల కాస్త మేలు ఉంటుంది, కాదనను. కానీ నా కారులో ఎడమ డక్ట్ పైపు ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గరదాకా వెళ్లి, దానికి తగలకుండా గాల్లో వేలాడుతోంది. కుడి పక్క పైపు బ్రేక్ చల్లబరచడానికట. అది చక్రం వెనక తెరిచి వదిలేశారు. డిస్క్ వైపు గాలిని తిప్పే ప్లేటే కిట్‌లో లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ఆ పైపుని రాసుకునేది.

ఇవి పనిచేయకపోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఆ పైపు వెళ్లడానికి దారి కావాలని షాపువాళ్లు కింద ఉండే నల్లటి ప్లాస్టిక్ అండర్‌ట్రేని తీసి పారేశారు. నాకు చెప్పలేదు. బిల్లులో కూడా రాయలేదు.

అది చూడటానికి బురద పడకుండా పెట్టిన రేకులా ఉంటుంది. దాని అసలు పని వేరు. బంపర్ నోట్లోంచి వచ్చిన గాలి రేడియేటర్ గుండానే వెళ్లాలి, ఇంకెటూ జారిపోకూడదు. రేడియేటర్ ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ ఉంటేనే గాలి దాని సందుల్లోంచి కదులుతుంది. ట్రే లేకపోతే ముందుకొచ్చిన గాలి కిందనుంచి తప్పించుకుంటుంది. కారు కింద పారే గాలి రేడియేటర్ వెనక ఇంజిన్ గదిలోకి ఎగదన్నుతుంది. ముందూ వెనకా ఒత్తిడి సమానమైపోతే రేడియేటర్ ఎంత మంచిదైనా గాలి కదలదు.

ఊళ్లో ఇది బయటపడలేదు, ఎందుకంటే నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఫ్యాన్ లాగుతుంది. జూలైలో ఐ-35 మీద ఆస్టిన్ వెళ్తుండగా హిల్స్‌బరో దాటాక ముల్లు కదిలింది. ఎండ 38 డిగ్రీలపైనే ఉంది. ఈ కారు టెంపరేచర్ ముల్లు గురించి తెలియనివాళ్లు తెలుసుకోండి: చాలా డిగ్రీల తేడా వచ్చినా అది మధ్యలోనే నిలబడి ఉంటుంది. అది మధ్య దాటి పైకి వెళ్లిందంటే అప్పటికే బాగా ఆలస్యమైందని అర్థం. నేను ‘వచ్చే ఎగ్జిట్‌లో ఆపుదాం’ అనుకున్నాను. ఆ మూడు మైళ్లు చాలాయి. ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్, వేడికి రెండూ ఒకేలా సాగవు. ఆవిరి లేచింది, తెల్ల పొగ వచ్చింది, ట్రక్కు మీద ఇంటికి తెచ్చుకున్నాను.

ముప్పై ఏళ్లుగా ఈ కార్లే చూస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. హుడ్ ఎత్తకముందే నేల మీద వంగి కిందకి చూసి, “ట్రే ఏది?” అని అడిగారు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఆయన చెప్పిన గుర్తు ఒకటి మీకూ పనికొస్తుంది. ట్రాఫిక్‌లో వేడెక్కి హైవే మీద చల్లబడితే ముందు ఫ్యాన్ చూడండి. ట్రాఫిక్‌లో బాగుండి హైవే మీద వేడెక్కితే గాలి దారి తప్పిందేమో, కూలెంట్ సరిగ్గా తిరగట్లేదేమో చూడండి.

తర్వాత డబ్బు కోసం తిరగడం. అమ్మినవాళ్లు ‘బిగించిన సరుకు వెనక్కి తీసుకోం, తప్పు ఫిట్టింగ్‌ది’ అన్నారు. షాపువాళ్లు ‘సరుకు మీరు తెచ్చిందే, మేం బిగించామంతే’ అన్నారు. ఇద్దరి మధ్యా నేను మిగిలాను. క్రెడిట్ కార్డుతో కొన్నాను కాబట్టి బ్యాంకుకి వెళ్లాను, కానీ ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ (కార్డు బిల్లుల మీద ఫిర్యాదులకి ఉన్న అమెరికా చట్టం) ప్రకారం బిల్లింగ్ పొరపాటు ఫిర్యాదైతే, ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు అందాలి. నాకు జూలైలో తెలిసింది, కొన్నది మార్చిలో. అందుకే కిట్ రాగానే, బిగించకముందే లెన్స్ మీద అక్షరాలు, పేరు చూడండి. బ్యాటరీకి కలిపి గోడ మీద వేసి చూడండి. తేడా ఉంటే ఆ రోజే ఫొటోలు తీసి ఫిర్యాదు పెట్టండి.

షాపుకి ఇచ్చేముందు ఒక కాగితం మీద రాయించుకోండి: తీసిన ప్రతి పాత భాగం, స్క్రూతో సహా, నాకే తిరిగి ఇవ్వాలి, నన్ను అడగకుండా ఏదీ కోయకూడదు, తీసేయకూడదు. కారు తీసుకునేటప్పుడు కిందకి వంగి ట్రే ఉందో లేదో మీ కళ్లతో చూడండి. లైట్ల కోసం సాయంత్రం చీకటి పడ్డాకే వెళ్లండి, షాపు గోడ మీద గీత చూశాకే డబ్బులివ్వండి. నిజంగా ట్రాక్ మీదకి వెళ్లేవాళ్లకి బ్రేక్ డక్ట్‌లు మంచివే, కానీ అవి డిస్క్ దాకా వెళ్లే పూర్తి సామానుతో, లైట్లతో సంబంధం లేకుండా విడిగా కొనండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి, గుండ్రటి 7 అంగుళాల లైటున్న బండికి ఇక్కడి నుంచి ఎల్ఈడీలు తెప్పించుకునే తమ్ముళ్లకి ఒక మాట. అమెరికా లైటు కుడివైపు పైకి లేస్తుంది. మన దేశంలో ఎదురు బండి వచ్చేది సరిగ్గా ఆ కుడివైపు నుంచే. లైటు ఎంత ఖరీదైనదైనా అక్కడ అది ఎదుటివాడి కళ్లలోకే కొడుతుంది. జపాన్, ఇంగ్లండ్ నుంచి లైట్లు తెప్పించుకుని అమెరికాలో పెట్టుకునేవాళ్లకి ఇదే కథ తిరగేసి జరుగుతుంది. పైగా మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

నా కారు ఇప్పుడు మళ్లీ రోడ్డెక్కింది. పాత ఇండికేటర్ దిమ్మలు అదృష్టం కొద్దీ షాపులో ఒక మూల దొరికాయి. ట్రే దొరకలేదు, వేరేది కొని వేయించాను. లెన్స్ మీద కంపెనీ పేరున్న లైట్లు కొని, గోడ మీద గీత చూసుకుని బిగించుకున్నాను. ఆ కిట్ డబ్బా గ్యారేజీలోనే ఉంది. సగం ధరకి అడిగినవాళ్లున్నారు, ఎవరికీ అమ్మలేదు. అమ్మను కూడా. మీ దగ్గర ఇలాంటిదే ఉండి అనుమానంగా ఉంటే, లెన్స్ ఫొటో, రాత్రి గోడ మీద తీసిన ఫొటో రెండూ పంపండి. నా లైట్ల ఫొటోల పక్కన పెట్టి చూసి చెబుతాను.