గూగుల్ షీట్స్‌లో సొంత ఫంక్షన్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

స్టాక్ లిస్టులు నాకు నలుగురి దగ్గర నుంచి వస్తాయి. ఒకే ఐటమ్ కోడ్‌ను ఒకరు మధ్యలో గీత పెట్టి రాస్తారు, ఒకరు ఖాళీ వదులుతారు, ఇంకొకరి లిస్టులో ముందున్న సున్నాలే ఉండవు. వీటన్నిటినీ ఒక దారికి తేవడానికి మొదట్లో ఇఫ్‌లో ఇఫ్, అందులో సబ్‌స్టిట్యూట్ పెట్టి పొడవాటి ఫార్ములా రాసుకున్నాను. ఆరు నెలల తర్వాత ఒక చిన్న మార్పు చేద్దామని తెరిస్తే, ఏ బ్రాకెట్ ఎక్కడ మూసుకుంటుందో అంతుపట్టలేదు.

అప్పుడే షీట్స్‌కి కోడ్ రాసుకునే యాప్స్ స్క్రిప్ట్ తెరిచి జావాస్క్రిప్ట్‌లో 12 లైన్లు రాసి, క్లీన్‌కోడ్ అని పేరు పెట్టాను. సేవ్ చేసి సెల్‌లో పిలిస్తే సమ్ పిలిచినట్టే పలికింది. ఒక్క చోట తట్టుకుంది: 0012ను షీట్ 12 అనే సంఖ్యగా మార్చేస్తుంది, అక్షరాలు మార్చే రిప్లేస్ సంఖ్య మీద నడవదు. అందుకే వచ్చినదాన్ని ముందు స్ట్రింగ్ (అక్షరాల వరుస) చేసుకుని, తర్వాత సున్నాలు నింపాలి.

అసలు పాఠం స్పీడ్ దగ్గర నేర్చుకున్నాను. 3000 వరుసల కిందికి ఫంక్షన్‌ను లాగితే కాలమ్ నిండా ‘లోడింగ్’ అనే మాటే. సెల్‌లోని ప్రతి పిలుపూ సర్వర్ దాకా వెళ్లి రావాలి మరి. ఇప్పుడు రేంజ్ మొత్తాన్ని ఒకేసారి ఇస్తాను: =క్లీన్‌కోడ్(ఎ2:ఎ3001). అది రెండు డైమెన్షన్ల అర్రేగా, అంటే వరుసలు, కాలమ్‌లు ఉన్న పట్టికగా లోపలికి వస్తుంది, అదే ఆకారంలో తిరిగి ఇస్తే జవాబులు కింది సెల్స్‌లోకి వాటంతటవే పరుచుకుంటాయి. ఆ సెల్స్ ఖాళీగా ఉంచాలి, అంతే. ఒక పిలుపు 30 సెకన్లలో ముగియాలన్న పరిమితి ఉన్నా, ఇలా రాశాక దాని జోలికే వెళ్లలేదు.

నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది వేరే ఫంక్షన్. ధర లెక్కకు కావలసిన రేటును స్క్రిప్ట్ లోపలి నుంచే ఇంకో ట్యాబ్‌లో చదివేలా రాశాను. రేటు మార్చాను, జవాబులు మారలేదు. ఆర్గ్యుమెంట్, అంటే బ్రాకెట్‌లో ఇచ్చే విలువ, మారితేనే ఫంక్షన్ మళ్లీ లెక్కిస్తుంది, లోపల ఏం చదువుతున్నామో దానికి పట్టదు. పాత రేటుతోనే రెండు రోజులు లిస్టులు వెళ్లాయి. అప్పటి నుంచి లెక్కకు అవసరమైన ప్రతిదాన్నీ ఆర్గ్యుమెంట్‌గానే ఇస్తున్నాను. విలువ తనంతట తానే మారుతుండే నౌ, ర్యాండ్ లాంటి ఫంక్షన్లను మాత్రం ఆర్గ్యుమెంట్‌గా ఒప్పుకోదు.

సొంత ఫంక్షన్ వేరే సెల్స్‌ను దిద్దలేదు, మెయిల్ పంపలేదు. చాలామందికి ఇది లోటు, నాకు మాత్రం భరోసా. రెండు మూడు మామూలు ఫార్ములాలు కలిపితే తీరే పనికి స్క్రిప్ట్ వద్దు, 2022లో వచ్చిన నేమ్డ్ ఫంక్షన్లు (పేరు పెట్టి దాచుకునే ఫార్ములాలు) చాలు. లూపులు, ప్యాటర్న్‌లు కావలసి వస్తేనే కోడ్ దాకా వెళ్లండి.

ఫైల్ మొత్తం కాపీ చేస్తే స్క్రిప్ట్ కూడా వెంట వస్తుంది. ఒక్క ట్యాబ్‌నే వేరే ఫైల్‌కి పంపితే రాదు, అక్కడ ఆ పేరుతో ఫంక్షన్ లేదనే నేమ్ ఎర్రర్ కనిపిస్తుంది. అందుకే నా ఫైల్‌లో ఒక టెస్ట్ ట్యాబ్ పెట్టుకున్నాను: 20 గజిబిజి కోడ్‌లు, పక్కన రావలసిన జవాబులు. స్క్రిప్ట్‌లో ఒక అక్షరం మార్చినా, ఎక్కడికి కాపీ చేసినా, ముందు ఆ ట్యాబ్ చూశాకే మిగతా పని.