నల్లగొండలో పిల్లల ఆర్ట్ క్యాంపు ఇంటర్న్‌షిప్: చేరే ముందు ఇది చదవండి

సెలవుల్లో హైదరాబాద్ హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చే బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) వాళ్లకు నల్లగొండలో మన చదువుకు తగ్గ పని దొరకడమే కష్టం. అందుకే నేను ఈ వేసవిలో చేసిన ఇంటర్న్‌షిప్ గురించి జూనియర్లు తెగ అడుగుతున్నారు. క్యాంపు పేరు మాత్రం రాయను. ఇక్కడ నేను చూసినవి చాలా క్యాంపుల్లో జరిగేవే.

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూస్తే మళ్లీ తెరిచేది జూన్ 12కి. మధ్యలో పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తెలియక తల్లిదండ్రులు పడే టెన్షనే ఈ క్యాంపులకు పెట్టుబడి. తెలంగాణ రాజముద్ర గీసిన ఏలె లక్ష్మణ్ పుట్టింది ఉమ్మడి నల్లగొండ జిల్లా కదిరేనిగూడెంలో. మొదటిరోజు మీటింగులో ఆ మాట చెప్పి అందరినీ బాగానే ఊరించారు. ఐదేళ్ల పిల్లాడి చేతికి క్రేయాన్ ఇచ్చి రాజముద్ర గీయమంటే ఎలా అని వెనక వరుసలో మేం నవ్వుకున్నాం.

పని పొద్దున ఎనిమిదిన్నర నుంచి పన్నెండు దాకా. ఎండ ముదరకముందే పిల్లల్ని పంపేస్తారు, అది మంచి పద్ధతి. ఐదు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లను నాకిచ్చారు. మేం అందరికీ అక్కలం, అన్నలం. మేడమ్ అని పిలిపించాలని ఆఫీసు వాళ్లు చూశారు కానీ మూడో రోజుకే ఆ ముచ్చట తీరిపోయింది.

సామాను సంగతి. రంగులకు లోటు చేయలేదు. ఆయిల్ పేస్టల్స్, పోస్టర్ కలర్స్, లావు బ్రష్షులు అన్నీ ఉన్నాయి. కానీ హాల్లో ఉన్నది పెద్ద కూలర్ ఒక్కటే. ఆన్ చేస్తే కాయితాలు ఎగురుతాయి, దాని తుంపర పడి స్కెచ్ పెన్ను గీతలు అలుక్కుపోతాయి. ఆపేస్తే పిల్లలు మాడిపోతారు, పేస్టల్స్ మెత్తబడి చేతికి అంటుకుంటాయి. చివరికి పరీక్ష అట్టలు, బట్టలకు పెట్టే క్లిప్పులు ఇంటి నుంచి తెచ్చుకుని నెట్టుకొచ్చాం. మీరు చేరితే ఇవి ముందే సంచిలో వేసుకోండి.

నాకు బాగా నచ్చిన విషయం, ఏం నేర్పాలో రోజువారీ షీటు పెట్టి చంపరు. ఒకరోజు పసుపు నీళ్లలో కలిపి దాంతోనే బొమ్మలు వేయించాను. ఆరాక సున్నం తేట పూస్తే పసుపు ఎర్రబడుతుంది. కానీ చిన్నపిల్లల కళ్లకు సున్నం ప్రమాదం కాబట్టి బట్టల సబ్బు నీళ్లు ఇచ్చాను. బ్రష్షు ఆనిన చోటల్లా ఎరుపు పుట్టుకొస్తుంటే హాలు హాలంతా కేకలే. మరోసారి ఇంటి గడపలకు పూసే ఎర్రమట్టి జాజు తెచ్చి, కాస్త జిగురు కలిపి చార్టుల మీద ముగ్గులు వేయించాం. రెండింటికీ కలిపి అయిన ఖర్చు ఒక పేస్టల్స్ డబ్బా అంత కూడా లేదు.

పెద్దపిల్లల్ని పొద్దున్నే పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లారు, తోడుగా నన్నూ పంపారు. అక్కడ గర్భగుడిలో శివలింగం మీద పొద్దంతా నిలువు నీడ ఒకటి పడుతుంటుంది. అది ఏ స్తంభం నీడో పట్టుకుంటామని పిల్లలు ఒక్కో స్తంభం దగ్గరా చేతులు ఊపి చూశారు. అసలు ఎండ నేరుగా లోపల పడకుండా నీడెలా వచ్చిందని ఒక పిల్లాడు అడిగాడు. స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురు గురించి నేలమీద సుద్దముక్కతో గీసి చెప్పాను. షేడింగ్ గురించి హాల్లో వారమంతా చెప్పినా ఇంత ఎక్కేది కాదు.

అసలు పేచీ ఎగ్జిబిషన్ దగ్గర మొదలైంది. చివరి రోజు అమ్మానాన్నల్ని పిలిచి బొమ్మలు గోడకు పెడతారు. దానికి ముందు, బొమ్మలకు కొంచెం టచప్ చేయండమ్మా అని ఇంటర్న్‌లందరికీ చెప్పారు. టచప్ అంటే అవుట్‌లైను మనం దిద్దడం, ఖాళీల్లో రంగు మనం నింపడం.

నా గ్రూపులో ఐదేళ్ల పాప ఒకతి దేవరకొండ బస్సు గీసింది. బస్సుకు గోడల్లేవు, లోపలి సీట్లు, మనుషులు, వాళ్ల కాళ్లతో సహా కనిపిస్తున్నారు. నాలుగు చక్రాలూ ఒకే వరుసలో ఉన్నాయి. కిటికీలు పెట్టించమని పైనుంచి మాట వస్తే, పాపనే అడిగాను. "అక్కా, లోపల మా నాయనమ్మ ఉన్నది, కనవడాలె గదా!" అంది. ఈ వయసు పిల్లలు కళ్లకు కనిపించింది కాదు, తమకు తెలిసింది గీస్తారు. దీన్ని ఎక్స్‌రే బొమ్మ అనే అంటారు, పెరిగే కొద్దీ అదే పోతుంది. దిద్దాల్సిన తప్పు కానే కాదు. నేను చెయ్యి పెట్టనని చెప్పేశాను. కాసేపు ముఖాలు మాడ్చుకున్నారు కానీ బొమ్మ మాత్రం గోడకెక్కింది.

పక్క గ్రూపు వరుసలో మాత్రం రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, గుడిసె, కొబ్బరిచెట్టు. అన్నీ ఒకే చెయ్యి దిద్దినట్టు ఉన్నాయి. అసలు నల్లగొండలో కొబ్బరితోటలు ఎక్కడ చూశారో వాళ్లు! ఒక నాన్న ఆ వరుస చూసి మురిసిపోయి, మా వరుస దగ్గరికొచ్చి "2,500 కట్టింది దీనికేనా?" అన్నాడు. పిల్లల వయసు, గీతల సంగతి ఆయనకు చెప్పింది నేనే. ఆ పని నిర్వాహకులు మొదటి మీటింగులోనే చేసి ఉంటే ఈ టచప్ బెడద ఉండేదే కాదు.

డబ్బుల విషయానికొస్తే, స్టైపెండ్ నెలకు 4,000 అన్నారు. ఆటో ఛార్జీలు, మధ్యాహ్నం టిఫిన్ పోను మిగిలేది స్వల్పం. సర్టిఫికెట్ చివరి రోజే చేతికిచ్చారు. స్టైపెండ్‌లో సగం వచ్చింది, మిగతా సగానికి ఫోన్ చేసినప్పుడల్లా వచ్చేవారం అంటున్నారు. నాది అంతా నోటిమాట మీద జరిగింది. మీరైతే చేరే ముందే స్టైపెండ్ ఎంత, ఏ తారీఖున ఇస్తారు, ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలు అన్నవి వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. టచప్ చేయమంటారా అని కూడా అప్పుడే అడగండి. పిల్లలతో పని అంటే ఇష్టముంటే 5కి 3 వేస్తాను. పోర్ట్‌ఫోలియో కోసమే అయితే వెళ్లకండి, సొంత బొమ్మ ఒక్కటి వేసుకునే తీరిక కూడా దొరకదు.