చిన్న నాణెం, పెద్ద హాలు: డౌన్స్, థర్‌స్టన్, లైప్‌జిగ్ దారుల్లో ఏది మేలు?

అమెరికా అర డాలరు వెండి నాణెం అడ్డం 3 సెంటీమీటర్లు, బరువు 12.5 గ్రాములు. వెయ్యి మంది పట్టే హాలులో ఆఖరి వరుసన కూర్చున్న మనిషికి అది ఒక మెరుపు చుక్క, అంతే. 1890ల నుంచి వాడెవిల్ రంగస్థలాల మీద హస్తలాఘవంతో బతకాలనుకున్న ప్రతి ఇంద్రజాలికుణ్ణీ పీడించిన చిక్కు ఇది. పాటగాళ్లు, హాస్యగాళ్లు, కసరత్తు చేసేవాళ్లు, కుక్కల చేత ఆటలాడించేవాళ్లు ఒకరి వెనుక ఒకరు వచ్చిపోయే ఆ సాయంత్రాల్లో గారడీకి దక్కేది పది ఇరవై నిమిషాలు. అంతలోనే గుప్పెట్లో పట్టే వస్తువును హాలంతటికీ చేర్చాలి. దీనికి ముగ్గురు మూడు జవాబులు వెతుక్కున్నారు.

టి. నెల్సన్ డౌన్స్ 1867లో అయోవా రాష్ట్రంలోని మాంటూర్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. రైల్వేలో టెలిగ్రాఫ్ పని. గురువంటూ లేడు, ఒక రైలు వెళ్లి ఇంకో రైలు వచ్చేలోగా దొరికిన తీరికలోనే నాణేలతో సాధన చేశాడు. 1895 ప్రాంతంలో ఉద్యోగం వదిలేశాడు. 1899లో లండన్ ప్యాలెస్ థియేటర్‌కు కొద్ది వారాల ఒప్పందం మీద వెళ్లి దాదాపు ఆరు నెలలు ఆడాడు. ‘నాణేల రాజు’ అన్నది ఆయన బిరుదు.

ఆయనకు అంత పేరు తెచ్చిన ఆట ‘పిసినారి కల’. ప్రేక్షకుల్లో ఒకరి టోపీ అడిగి తీసుకుంటాడు. ఖాళీ చేతిని గాలిలోకి చాస్తే వేళ్ల చివర ఒక నాణెం. దాన్ని టోపీలో వేస్తాడు: ఖణేల్! ఇంకోటి, ఇంకోటి. ఒకరి గడ్డంలోంచి, ఇంకొకరి మోకాలి మీది నుంచి. చూస్తుండగానే టోపీ బరువెక్కుతుంది. ఆట ఆయన కనిపెట్టింది కాదు, అంతకు ముందే ఉంది. దీని కిటుకు కూడా వందేళ్లకు పైగా పుస్తకాల్లో ఉన్నదే. కుడిచేతిలో కనిపించి మాయమయ్యేది చాలాసార్లు ఒకటే నాణెం. టోపీ అంచు పట్టుకున్న ఎడమచేతి వేళ్లు లోపల దాచుకున్న దొంతర నుంచి ఒక్కొక్కటిగా జారవిడుస్తాయి. కిటుకు తెలిశాక కూడా నాకు ఈ ఆట మీద మోజు తగ్గలేదు, ఇంకా పెరిగింది. చూపు అందని చోటికి చెవి అందుతుందని డౌన్స్ గ్రహించాడు. బాల్కనీలో చిట్టచివర ఉన్నవాడికి నాణెం సరిగా కనిపించకపోవచ్చు, కానీ అది టోపీలో పడిన చప్పుడు వినిపిస్తుంది. విన్నదాన్ని చూశానని నమ్ముతాడు. బొటనవేలి మొదట్లో, దానికీ చూపుడువేలికీ మధ్య సందులో నాణేన్ని అడ్డంగా బిగించి దాచే పట్టు ఇప్పటికీ ఆయన పేరుతోనే చలామణీలో ఉంది.

హోవార్డ్ థర్‌స్టన్ కూడా వేళ్ల పనితోనే మొదలుపెట్టాడు. నాణేలు కాదు, పేకముక్కలు. 1900లో ఆయనా అదే ప్యాలెస్ థియేటర్‌లో ఆడాడు. తర్వాత చిన్న వస్తువునే వదిలేశాడు. మన దేశంతో సహా తూర్పు దేశాలు తిరిగి వెళ్లి, 1908లో అప్పటి పేరుమోసిన అమెరికా ఇంద్రజాలికుడు హ్యారీ కెల్లర్ ప్రదర్శనకు వారసుడయ్యాడు. గాలిలో తేలే స్త్రీ, మనుషులతో సహా మాయమయ్యే కారు, సామానుకు ఎనిమిది రైలు పెట్టెలు. ఆఖరి వరుసకు కనిపించాలన్న చిక్కు ఆయనకు ఇక లేదు. దాని బదులు జీతాలు, రవాణా, అప్పులు మీద పడ్డాయి. సినిమా పెరిగి పూర్తి సాయంత్రపు ప్రదర్శనలు కుంగిపోయాక, కుదించిన ప్రదర్శనతో సినిమా హాళ్లు పట్టుకుని తిరిగాడు. 1936లో చనిపోయాడు. డౌన్స్ నలభై నాణేలు వెంట తీసుకెళ్లినా అరకిలో బరువు. ఈ రెండు సామాన్లనూ పక్కపక్కన ఊహించుకున్నప్పుడు నాకు థర్‌స్టన్ మీద గౌరవం తగ్గదు, ఆయన దారి మీద ఆశ మాత్రం పుట్టదు.

నేట్ లైప్‌జిగ్ మాత్రం నన్ను నిజంగా తికమక పెడతాడు. 1873లో స్టాక్‌హోమ్‌లో పుట్టి డెట్రాయిట్‌లో పెరిగి, కళ్లద్దాలు అరగదీసే పని చేసినవాడు. వేళ్ల కణుపుల మీద నాణేన్ని దొర్లించడంలో సాటిలేనివాడు. ఆయన జవాబు డౌన్స్ జవాబుకు పూర్తిగా వేరు. ప్రేక్షకుల్లో కొందరిని వేదిక మీదికి పిలిచి చుట్టూ నిలబెట్టుకునేవాడు. దగ్గరగా చూస్తున్న వాళ్ల ముఖాల్లోని ఆశ్చర్యాన్ని హాలు చదువుకునేది. గారడీని పెంచలేదు, సాక్షులను పెంచాడు. అందుకే రంగస్థలాలు మూతబడినా ఆయన పనికి ముప్పు రాలేదు. ధనవంతుల ఇళ్లలో విందు బల్ల దగ్గర అదే ఆట అంతే బాగా సాగింది.

బతుకుతెరువు అడిగితే లైప్‌జిగ్ దారే గట్టిది, సందేహం లేదు. డౌన్స్ దారిలో ఒక పెద్ద లోపం ఉంది: ఒకే ఆటతో వెలిగినవాణ్ణి అనుకరించడం తేలిక. నాణేల గారడీ చేసేవాళ్లు ఆయన వెనుకే పుట్టుకొచ్చారు. ఆయన కూడా 1912 నాటికి రంగస్థలం చాలించి, అయోవాలోని మార్షల్‌టౌన్‌లో స్థిరపడ్డాడు. 1938లో పోయేదాకా ఇతర ఇంద్రజాలికులకు ఉత్తరాలు రాస్తూ గడిపాడు. అయినా నా ఓటు ఆయనకే. లైప్‌జిగ్‌కు పక్కన నిలబడే మనుషులు కావాలి, థర్‌స్టన్‌కు యంత్రాలు కావాలి. డౌన్స్ నాణెం చిక్కును నాణెంతోనే విప్పాడు.

ఇప్పుడు ఈ ఆట నేర్చుకునేవాళ్లు అద్దం ముందు గంటలు గంటలు కూర్చుంటున్నారు. అది అవసరమే. దానితో పాటు ఒక మనిషిని మీ ముందు కూర్చోబెట్టి కుడిచేతినే చూస్తూ ఉండమనండి. చెయ్యి టోపీని చేరడానికీ, చప్పుడు రావడానికీ మధ్య తేడా ఎక్కడ పసిగట్టాడో అడగండి. రెప్పపాటు ముందు వెనుకలైనా అతనికి తెలిసిపోతుంది. ఆ రెప్పపాటు పోయేదాకా మొదటి నాణెం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.